బెత్తెడు నేల

పోయిన వారం లెన్ హ్రింకోని షాఫ్టన్ ఊరి ఫైర్ హాల్లో, రేడియో వాడి మైకు ముందు ఛాతీ విరుచుకుని నిలబడి ఉండగా వదిలేశాం. ఆఖరున అతనన్న మాట ఇది: "మా తోపుడులో కండ తప్ప ఇంకేం లేదు. అందులో ఆవగింజంత మోసం ఉందని ఎవడైనా చూపిస్తే, వచ్చి నా మొహాన ఉమ్మండి."

ఆ మాట కొండకి ఇటుపక్కా అటుపక్కా వంటిళ్లలో, మెకానిక్ షెడ్లలో, మంగలి కొట్లలో మోగింది. కాస్త తగ్గించి అనుంటే సరిపోయేది. కానీ తగ్గి మాట్లాడే మనిషైతే లెన్ ఈ వయసుకి ఇంకా అసిస్టెంటు కోచ్‌గానే ఎందుకుంటాడు?

గొడవేమిటో కూడా ఒకసారి చెప్పుకుందాం. ఆ బొగ్గు కొండల్లో ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో ఇరికించుకుని మనిషి మీద మనిషి పడటం. పది గజాలు ముందుకి పోవడానికి నాలుగు అవకాశాలిస్తారు. ఆఖరి అవకాశానికి గజమో అరగజమో మిగిలిందనుకోండి, మిగతా ఊళ్ల పిల్లలు విసురుతారు, పరిగెత్తుతారు, నానా తంటాలు పడతారు. షాఫ్టన్ పిల్లలు తోస్తారు. ముందు వరసలో నడుమనుండే సెంటర్ కుర్రాడు వంగి, బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి అందిస్తాడు. అందుకున్నవాడు దాన్ని కడుపుకి హత్తుకుని ముందుకి పడతాడు. వాడి వెనకున్న ఇద్దరు వాడి పిరుదుల మీద చేతులేసి, బురదలో దిగబడ్డ లారీని తోసినట్టు తోస్తారు. అంతే. అందంగా ఉండదు. పని జరుగుతుంది. గనులు మూతబడ్డాక ఆ ఊరు గెలిచింది దేనిలోనూ లేదు. ఈ ఏడు తోపుడుతో గెలుస్తోంది. టీవీలో పెద్ద జట్లు ఆడుతుంటే చూసి పట్టుకొచ్చి పిల్లలకి నేర్పింది లెనే.

ఇప్పుడు దాన్ని నిషేధించాలని లీగు బడులన్నీ ఫైర్ హాల్లో కూర్చున్నాయి. పొద్దుటంతా అరుచుకుని, బంగాళదుంప అట్ల వాసనకి మెత్తబడి, తిండికి లేచారు. ఓటు తిన్న తర్వాత.

లెన్ పళ్లెం పట్టుకుని వరసలో నిలబడి ఉండగా హార్లన్ ట్రెక్స్లర్ వచ్చి మోచెయ్యి తట్టాడు. లోయలో ట్రౌట్ వ్యాలీ బడి కోచ్. డెబ్భై దాటిన పాల వ్యాపారి. నిషేధం తీర్మానం పెట్టింది ఆయనే. పొద్దున లెన్ ఆయన్ని పట్టుకుని, "తెల్లారి లేస్తే ఆవు పొదుగులు పట్టుకునే చేతులకి మా బొగ్గు పిల్లల బరువేం తెలుస్తుంది!" అంటే హాలంతా పగలబడి నవ్వింది. ట్రెక్స్లర్ కూడా నవ్వాడు. అదే లెన్‌కి గుచ్చుకుంది.

"లెన్, ఒక్క నిమిషం. ఫైరింజన్ల షెడ్డులోకి రా."

"ఇక్కడే చెప్పండి పెద్దాయనా. దాచుకునేవి నా దగ్గరేం లేవు."

"నా దగ్గరున్నాయి," అన్నాడు ట్రెక్స్లర్.

షెడ్డులో ఎర్ర ఫైరింజను తుడిచి మెరుస్తోంది. ట్రెక్స్లర్ చంకలోంచి పలక లాంటి టాబ్లెట్ తీసి ఇంజను మెట్టు మీద నిలబెట్టి, వంగలేక వంగి, మసక కళ్లతో ఏదో నొక్కాడు. తెర మీద షాఫ్టన్ మైదానం వచ్చింది. రెండు జట్లూ ఎదురెదురుగా వంగి ఉన్నాయి.

"మనం ఆడిన ఆటే. మీ కెమెరా తీసిందే. మీరే పంపారు," అన్నాడు ఆయన. ఆడిన ఆటల ఫిల్మ్ జట్లు ఒకరికొకరు పంపుకోవడం అక్కడి మర్యాద. ఎంత పగ ఉన్నా ఆ మర్యాద ఎవరూ తప్పరు.

"ఓడిపోయిన ఆటని పదేపదే చూసుకోవడం మంచి అలవాటు కాదండీ. బెంగ పెట్టుకుంటారు."

"పిల్లల్ని చూడకు. బంతిని చూడు. బంతినొక్కదాన్నే."

లెన్ చూశాడు. అంపైర్ వంగి బంతిని నేల మీద పెట్టి, చెయ్యి తీసేసి, వెనక్కి నడిచాడు. సెంటర్ కుర్రాడు దాని మీదికి వంగాడు. నెస్టర్. లెన్ అక్క స్టెఫీ కొడుకు. వాడి వెడల్పాటి చేతులు బంతిని రెండు పక్కలా పట్టుకుని, పొదిగిన గుడ్డుని పక్కకి పెట్టినంత మెల్లిగా పైకెత్తి, ముందుకి పెట్టాయి. బెత్తెడు. అప్పుడు గుంపుకి గుంపు మీద పడ్డారు. ఆ కుప్ప కింద బంతి ఎక్కడ ఆగిందో దేవుడికీ అంపైర్‌కీ మాత్రమే తెలియాలి, ఆ ఇద్దరూ షాఫ్టన్ వైపే ఉన్నారు.

ట్రెక్స్లర్ ఇంకో ఆట చూపించాడు. ఇంకో ఊరు. మళ్లీ ఆ చేతులు, మళ్లీ ఆ బెత్తెడు. ఇంకోటి చూపించాడు.

"చాలు," అన్నాడు లెన్. నోరు ఎండిపోయింది. అయినా నోరు నోరే కదా. "ఏముంది ఇందులో? ప్రతి సెంటరూ బంతి సర్దుకుంటాడు. పట్టు కుదరాలి కదా."

"తిప్పుకోవచ్చు. జరపకూడదు. ఆ సంగతి నీకు నేను చెప్పాలా?"

"అయితే ఏంటి నువ్వనేది? మా అక్క కొడుకు దొంగంటావా? ఆ పిల్లాడు చర్చిలో కొవ్వొత్తులు వెలిగిస్తాడయ్యా! వాణ్ణి దొంగంటే, ముసలాడివని కూడా చూడను..."

"అన్లేదు," అన్నాడు ట్రెక్స్లర్. గొంతు పెంచలేదు. "కూర్చో లెన్. నేను నలభై ఏళ్లుగా పిల్లల దొంగతనాలు చూస్తున్నాను. బంతి జరిపే కుర్రాడు జరిపే ముందు అంపైర్ వైపు ఒకసారి చూస్తాడు. చూడకుండా ఉండలేడు. నీ మేనల్లుడు చూడడు. వాడి మొహం చూడు. బల్ల మీద పళ్లెం సర్దుతున్నట్టుంది. ఇది వాడికి తప్పని తెలియదు. ఎవరో చెప్పారు, వాడు చేస్తున్నాడు. అందుకే నిన్ను పిలిచాను. ఎవరు చెప్పారు?"

లెన్ నోరు తెరిచాడు. ఎవరూ చెప్పలేదు అనబోయాడు. అప్పుడు గుర్తొచ్చింది.

షాఫ్టన్ పిల్లలు సాధన చేసేది గడ్డి మీద కాదు. గనిలోంచి తోడి పోసిన నల్లరాతి గుట్టని చదును చేస్తే మిగిలిన నేల అది. వాన పడితే పిండిలా, ఎండ కాస్తే గాజుముక్కల్లా ఉంటుంది. తోపుడు సాధన ఎప్పుడూ ఒకే చోట. వేసవిలో మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అంత మంది బలిసిన కుర్రాళ్లు రోజూ అక్కడే కాళ్లు తన్ని తన్ని నేల గుంట పడిపోయింది. బంతి పెడితే దొర్లి గుంటలో పడేది. ఒకరోజు నెస్టర్ చేతిలోంచి జారి, వెనకవాడి మోకాలికి తగిలింది. లెన్‌కి ఒళ్లు మండింది. "ఒరేయ్, ఆ గుంటలోంచి తీసి ముందు అంచు మీద పెట్టుకోరా. గట్టిగా ఉంటుంది. కళ్లు లేవా?"

"సరే మావయ్యా," అన్నాడు నెస్టర్.

అంతే. సరే అన్నాడు, చేశాడు. ఆ రోజు, ఆ మర్నాడు, ఆ తర్వాత. చేతులకి అలవాటైపోయింది. వాడికి ఒకటి చెబితే అది ఎక్కడి వరకో, ఎప్పటి వరకో అడగడు. గడ్డి మీద ఆడినా, గుంట లేకపోయినా, వాడి చేతులు మాత్రం ఆ గుంటలోంచే బంతిని తీస్తున్నాయి.

ఆట రోజున లెన్ ఎందుకు చూడలేదంటారా? గీత పక్కన నిలబడి లెన్ చూసేది మోకాళ్లని. ఎవడి మోకాలు ముందు లేచింది, ఎవడిది వెనకబడింది. గెలుస్తున్నవాడు బంతిని ఎందుకు చూస్తాడు?

చెవులు వేడెక్కాయి. ఆ వేడి మెడ మీదుగా వీపులోకి దిగింది. పొద్దున మైకు ముందు తను విరుచుకున్న ఛాతీ గుర్తొచ్చి, దాన్ని ఎక్కడైనా విప్పి పారేస్తే బాగుండుననిపించింది. ఉమ్మండి అన్నాడు కదా. ఉమ్మడానికి ట్రెక్స్లర్‌కి నోరుంది, హక్కుంది, ఉమ్మడం లేదు.

"మీరు..." అన్నాడు లెన్. నువ్వు మళ్లీ మీరైంది. "ఎవరెవరికి చూపించారు?"

"ఎవరికీ చూపించలేదు."

"ఎందుకు? హాల్లో పెట్టి చూపిస్తే ఓటుతో పనే లేదు కదండీ."

ట్రెక్స్లర్ టాబ్లెట్ మూసి, మోకాలు పట్టుకుని, ఇంజను మెట్టు మీద కూర్చున్నాడు. "నాకు తోపుడు ఇష్టం లేదు. బంతి పట్టుకున్నవాడు వాడి కాళ్లతో వాడు పోవాలి. వెనక నుంచి ఇద్దరు తోస్తే పోయేది చక్రాల కుర్చీ. ఆ మాట మీద నేను గెలవాలి, లేదా ఓడిపోవాలి. పదహారేళ్ల పిల్లాణ్ణి తెర మీద పెట్టి దొంగ అని చూపించి గెలిస్తే నాకు అన్నం సయించదు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"చెప్పు. నీ నోటితో నువ్వు చెప్పు. పిల్లాడు నేను చెప్పినట్టు చేశాడు, తప్పు నాదని. తర్వాత తోపుడు ఉంచుకుంటారో తీసేస్తారో వాళ్ల ఇష్టం."

"చెబితే మేం గెలిచినవి..."

"తిరిగి చూస్తారు. కొన్ని పోతాయేమో. నాకు తెలీదు." లేవడానికి ట్రెక్స్లర్ చెయ్యి చాపాడు. లెన్ ఆ చెయ్యి పట్టుకుని లేపాడు. పొద్దున తను ఎగతాళి చేసిన చెయ్యి. గరుకుగా, వెచ్చగా ఉంది. లెన్ దాన్ని కాస్త తొందరగా వదిలేశాడు.

హెడ్ కోచ్ డెన్ని గారిటీ హాలు గుమ్మం దగ్గర కాఫీ కప్పుతో నిలబడి, వచ్చేపోయేవాళ్ల భుజాలు తడుతున్నాడు. ఎప్పుడూ నవ్వుతుండే మనిషి. బడి ప్రిన్సిపాల్ పదవి మీద కన్ను. ఈ రోజు షాఫ్టన్ ఓటు లెన్ చేతే వేయించాలని పట్టుబట్టిందీ ఆయనే. తోపుడు పెట్టినవాడే చెయ్యెత్తితే చూడ్డానికి బావుంటుందన్నాడు.

"ఏంటి, ఆవులాయనకి సారీ చెప్పొచ్చావా?" అన్నాడు గారిటీ.

లెన్ ఆయన్ని కోట్లు తగిలించే మూలకి లాగి, గొంతు తగ్గించి అంతా చెప్పాడు. గుంట, అంచు, చేతులు, బెత్తెడు. చెబుతుంటే గారిటీ కాఫీ తాగుతూనే ఉన్నాడు.

"ఊఁ," అన్నాడు. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఎవడికి తెలీదు? మూడో ఆటలోనే చూశా. బావుంది కుర్రాడి పనితనం అనుకున్నా. నువ్వే నేర్పావనుకున్నా కూడా. నీ మీద గౌరవం పెరిగింది తెలుసా?"

"నీకు తెలిసి, నన్ను మైకు ముందు నిలబెట్టావా? ఉమ్మమని చెప్పించావా?"

"ఆ ముక్క నేను చెప్పించలేదు నాయనా. ఆ వంట నీదే." గారిటీ నవ్వాడు. తర్వాత నవ్వు తీసేసి, లెన్ కాలర్ సర్దాడు. "విను. అంపైర్ చూడనిది ఆటలో జరగనట్టే. నువ్వు ఇప్పుడు లేచి ఏదేదో వాగావనుకో, ఈ ఊళ్లో నిన్నెవరూ ఏమీ అనరు. నీ సంగతి వాళ్లకి అలవాటే. నెస్టర్‌ని అంటారు. రేపు స్టెఫీ కొట్టుకెళ్లి పాలు కొనుక్కోవాలి. 'బంతి జరిపే కుర్రాడి తల్లి' అంటారు. వాడికి పెళ్లయి పిల్లలు పుట్టినా అదే అంటారు. ఇక్కడి జనం తిండి మర్చిపోతారేమోగానీ ఇలాంటివి మర్చిపోరు. ఆలోచించుకో. చెయ్యి మాత్రం కింద పెట్టుకో."

ఆ మాటల్లో దుర్మార్గం ఎంతో నిజం కూడా అంతే. దుర్మార్గులకి ఉన్న సదుపాయం అదే.

ఓటుకి పిలిచారు. అధ్యక్షుడు కెల్లర్ చెక్క సుత్తితో బల్ల మీద కొట్టాడు. రేడియో వాడు మైకు మళ్లీ మధ్యకి జరిపాడు. ఇంకో ఊరి కోచ్ ఒకడు చివరిగా లేచి, "మెడలు విరుగుతాయి," అన్నాడు. వెనక నుంచి షాఫ్టన్ వాళ్లెవరో, "ఎవరి మెడ విరిగిందో చూపించవయ్యా!" అని అరిచారు. "విరిగేదాకా ఆగాలా?" "పరిగెత్తే పిల్లలున్న ఊళ్లు మీవి. మావి వెడల్పు పిల్లలు. దేవుడిచ్చిందాంతో ఆడుకోనివ్వరా?" చప్పట్లు. నిజానికి ఆ ఆఖరి మాట లెన్‌దే. పొద్దున అతనన్నదాన్నే వాళ్లు అప్పు తెచ్చుకుని అరుస్తున్నారు. తన మాట తనకే మరొకరి నోట్లోంచి వినబడుతుంటే లెన్ కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు.

నిషేధించాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు కెల్లర్. ట్రెక్స్లర్ ఎత్తాడు. మరికొన్ని లేచాయి. కెల్లర్ వేలుతో లెక్కపెట్టి, "ఇంకొక్కటి చాలు. ఎవరైనా?" అన్నాడు. ఎవరూ లేరని సుత్తి ఎత్తబోతుంటే లెన్ లేచి నిలబడ్డాడు.

కోట్ల మూలలో గారిటీ కప్పు కదల్లేదు.

చెప్పాలనే లేచాడు. ఆ సంగతి లెన్ తరఫున ఒప్పుకోవాలి. నాలుక మీద మొదటి మాట కూడా ఉంది: పిల్లాడి తప్పు కాదు. కానీ హాల్లో ఆ మొహాలన్నీ తనవైపు తిరిగాయి. పాతికేళ్లుగా ఓడిపోతూ వచ్చి ఈ ఏడే తల ఎత్తుకున్న మొహాలు. వంటింటి కిటికీలోంచి పిండి చేతులతో స్టెఫీ తొంగి చూస్తోంది. తమ్ముడు మాట్లాడబోతున్నాడని ఆమె కళ్లల్లో గర్వం. నాలుక మీద మాట వెనక్కి జారి, ఇంకో మాట వచ్చి ఆ చోట కూర్చుంది.

"నేను రాత్రంతా ఆలోచించాను," అన్నాడు. ఆలోచించలేదు, నిద్రపోయాడు. "ట్రౌట్ వ్యాలీ ఆటలో మా తోపుడు కింద ఒక పిల్లాడు పడిపోయాడు. అందరూ లేచారు. వాడు లేవలేదు. ఎంతసేపటికీ లేవలేదు. అప్పుడు నా గుండె ఆగిపోయింది. గెలుపు వస్తుంది, పోతుంది. పిల్లల మెడలు మళ్లీ రావు. నేను పెట్టిన ఆట నేనే ఆపేస్తున్నాను."

చెయ్యి ఎత్తాడు.

ఆ పిల్లాడు లేవకపోవడం నిజమే. వాడి బూటు ఊడిపోయి కుప్పలో ఎక్కడో పడితే, మోకాళ్ల మీద కూర్చుని వెతుక్కుంటున్నాడు. చూసి ఇరువైపులా నవ్వారు. లెన్ కూడా నవ్వాడు.

మొదట ఎవరు కొట్టారో, చప్పట్లు మొదలయ్యాయి. శత్రువుల ఊళ్లవాళ్లు లేచి నిలబడ్డారు. కెల్లర్ కళ్లు తుడుచుకున్నాడు. రేడియో వాడు మైకులో, "శ్రోతలారా, మనిషంటే ఇలా ఉండాలి," అంటున్నాడు. షాఫ్టన్ వాళ్లు కొందరు తల వంచుకుని బయటికి పోయారు, ఒకడు కుర్చీ తన్నాడు. అది లెన్‌కి హాయిగా అనిపించింది. చప్పట్లే భరించలేకపోయాడు. ఒక్కో చప్పుడూ వచ్చి చెంప మీద తగులుతున్నట్టుంది. పొద్దున ఉమ్మమన్నాడు, ఎవరూ ఉమ్మలేదు. ఇప్పుడు ముద్దు పెట్టుకుంటామంటున్నారు.

ట్రెక్స్లర్ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. తను కోరిన తీర్మానం నెగ్గింది. ఆయన టోపీ పెట్టుకుని, టాబ్లెట్ చంకలో పెట్టుకుని, పోతూ పోతూ లెన్ పక్కన ఆగాడు.

"తెలివైనవాడివే," అన్నాడు నెమ్మదిగా. "తోపుడిని పూడ్చిపెట్టావు. దాని కిందే ఆ బెత్తెడూ పూడ్చావు. ఇంక ఎవరూ తవ్వరు."

"హార్లన్ గారూ, పిల్లాడి కోసం..."

"పిల్లాడి పేరు ఎత్తకు," అన్నాడు ట్రెక్స్లర్. ఆ రోజు ఆయన కటువుగా అన్నది ఆ ఒక్క మాటే. వెళ్లిపోయాడు.

గారిటీ మాత్రం లెన్ దగ్గరికి వచ్చి అందరూ చూస్తుండగా కౌగిలించుకుని, చెవిలో అన్నాడు. "నా ఆట పోగొట్టావు. గెలుపులు మిగిల్చావు. మొత్తానికి బాగానే చేశావు. పిల్లలు గుట్ట మీద సాధనలో ఉన్నారు. వాళ్లకి నువ్వే చెప్పుకో. మహాత్ముడివి కదా."

గుట్ట దారిలో లెన్ కారు రేడియో కట్టేశాడు. కట్టే ముందు తన గొంతే మళ్లీ వినిపించింది: పిల్లల మెడలు మళ్లీ రావు. ఎంత నమ్మకంగా ఉందో ఆ గొంతు. కొత్తవాడెవడైనా వింటే ఆ మనిషికి కూతుర్నిచ్చి పెళ్లి చేస్తాడు.

నల్లటి నేల మీద పిల్లలు ఆడటం లేదు. ఒక పాత పికప్ ట్రక్కు చుట్టూ గుంపుగా నిలబడి ఉన్నారు. ట్రక్కు తలుపు తెరిచి ఉంది, లోపల రేడియో మోగుతోంది. లెన్ దిగగానే ఎవరో దాన్ని ఆపేశారు. ఎవరూ పలకరించలేదు. ఎప్పుడూ ఎదురొచ్చి సంచీ అందుకునే తోపుడు కుర్రాళ్లిద్దరూ బూట్ల వైపు చూసుకుంటున్నారు.

నెస్టర్ ముందుకొచ్చాడు. హెల్మెట్ చేతిలో ఉంది. చెమటతో తడిసిన జుట్టు నుదుటికి అంటుకుంది. అంత పెద్ద ఒళ్లున్న కుర్రాడు ఇంత చిన్నగా కనబడటం లెన్ అదే చూడటం.

"మావయ్యా, నిజమేనా?"

"ఓటు అయిపోయిందిరా. తోపుడు ఇంక లేదు. కొత్తది ఏదైనా చూద్దాం."

"అది కాదు. అదెలాగైనా పోనీ." నెస్టర్ హెల్మెట్ రెండు చేతులా పట్టుకున్నాడు. "నువ్వు చెప్పావు కదా, ఎవరో లేవలేదని. ట్రౌట్ వ్యాలీ పిల్లాడు. అప్పుడు మనవాళ్లలో అందరికంటే అడుగున ఉన్నది నేనే. నా కింద ఎవరో ఉన్నారు, నాకు తగులుతూనే ఉంది. నేను ఇంకా తోశాను మావయ్యా. నువ్వు విజిల్ దాకా ఆపొద్దని చెప్పావు కదా, నేను ఆపలేదు. నా కిందేనా?"

చెప్పడానికి ఇదే చోటు. ఇంతకంటే సుళువైన చోటు దేవుడు కూడా ఇవ్వలేడు. చుట్టూ హాలు లేదు, రేడియో లేదు, గారిటీ లేడు. లేదురా, ఎవరికీ ఏం కాలేదు, ఆ పిల్లాడు బూటు వెతుక్కుంటున్నాడు, నేను అబద్ధం చెప్పాను అంటే చాలు. కానీ ఆ మాట అంటే, మరెందుకు చెప్పావు అని అడుగుతాడు. అడిగితే బెత్తెడు సంగతి చెప్పాలి. చెబితే వాడు తన చేతుల వైపు చూసుకుంటాడు. ఆ చూపు చూడటానికి లెన్‌కి గుండె చాల్లేదు. పిల్లాణ్ణి కాపాడుతున్నానని తనకి తను చెప్పుకున్నాడు. ఆ మాట తనకే అసహ్యంగా వినిపించింది.

నోరు పెగల్లేదు. పెగలని నోటిని నెస్టర్ అవునని అర్థం చేసుకున్నాడు.

వాడి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. హెల్మెట్ నేల మీద పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. "ఇప్పుడెలా ఉన్నాడు? మంచం మీదున్నాడా? నాకెవరూ చెప్పలేదేంటి?"

"బానే... బానే ఉన్నాడ్రా. తగ్గిపోయింది."

"తగ్గితే నువ్వు ఆట ఎందుకు ఆపించావు?"

లెన్ వంగి హెల్మెట్ తీసి దుమ్ము దులిపాడు.

"నేను వెళ్లి చూసొస్తాను," అన్నాడు నెస్టర్. "వాళ్లమ్మకి చెప్పాలి కదా, కావాలని చెయ్యలేదని. పేరేంటి మావయ్యా?"

"ఒరేయ్, ఇప్పుడొద్దు. సోమవారం చూద్దాం."

"పేరు చెప్పు!" కుర్రాడు మొట్టమొదటిసారి మేనమామ మీద గొంతెత్తాడు. వెనక పిల్లలందరూ తలలెత్తి చూశారు. "మెడ విరగ్గొట్టినవాణ్ణి, పేరైనా తెలియొద్దా నాకు?"

అందరి కళ్లూ లెన్ నోటి మీద ఉన్నాయి. పేరు లేకపోతే పిల్లాడు లేడు. పిల్లాడు లేకపోతే హాల్లో అన్నదంతా ఏమిటి? ఏదో ఒక పేరు కావాలి. మోకాళ్ల మీద కూర్చుని బూటు వెతుక్కుంటున్న కుర్రాడి నవ్వు మొహం, వాడి అసలు పేరూ కళ్లముందు కదిలాయి. నాలుక మళ్లీ తన పని తను చేసేసింది.

"ఏలై," అన్నాడు లెన్. "హార్లన్ ట్రెక్స్లర్ మనవడు."

నెస్టర్ తలూపాడు. కళ్లు తుడుచుకుని, ట్రక్కులోకి ఎక్కాడు. తోపుడు కుర్రాళ్లిద్దరూ ఏమీ అడక్కుండా వాడి పక్కన ఎక్కి కూర్చున్నారు. వాడెక్కడికి పోయినా వెనకే ఉండటం వాళ్లకి అలవాటు. నల్లదుమ్ము లేపుకుంటూ బండి గేటు వైపు తిరిగింది.

అప్పుడు తెలిసింది లెన్‌కి తను వాణ్ణి ఎవరింటికి పంపుతున్నాడో. ఆ ఇంట్లో మెడ విరిగిన పిల్లాడు లేడు. ఆ ఫిల్మ్ ఉంది.

"నెస్టర్! ఒరేయ్, ఆగరా!" అని అరుస్తూ లెన్ బండి వెనక పరిగెత్తాడు. కుర్రాడు అద్దంలో చూశాడు. చూసి కూడా ఆపలేదు.